మెటల్ డిటెక్టరూ కిర్రు చెప్పులూ

ఆ హెడ్‌ఫోన్ స్పాంజిలకి ఎవరిదో తలనూనె అంటుకుని ఉంది. సంపెంగ నూనె. స్పాంజి నల్లబడి, జిగటగా మారి, చెవికి ఆనించగానే చల్లగా అతుక్కుంది. తీసి వెలుతుర్లో చూస్తే మధ్యలో ఒక తెల్ల వెంట్రుక కూడా ఉంది. పెరట్లోకి వెళ్లి రెండుసార్లు సబ్బుతో చెవులు కడుక్కున్నాను. అయినా ఆ వాసన పోలేదు.

మా ఇంట్లోంచి పాత సామాను బయటికి వెళ్లడమే నాకు తెలుసు. పందిరి మంచాలు, గంగాళాలు, దీపపు సెమ్మెలు, చివరికి వీధి తలుపు చెక్కడపు చట్రం కూడా వెళ్లిపోయాయి. ఎవరో వాడి వదిలేసిన వస్తువుని నేను వెతుక్కుంటూ వెళ్లి తెచ్చుకోవడం మాత్రం అదే మొదటిసారి.

ఆ వస్తువు మెటల్ డిటెక్టరు. ఒక పొడుగాటి గొట్టం, కింద పళ్లెం లాంటి గుండ్రటి కాయిల్, పైన రెండు గుండీల పెట్టె. అమలాపురంలో పాత రేడియోలు, ఫోన్లు బాగుచేసే కొట్లో కొన్నాను. కొట్టువాడు బ్యాటరీని నా ఎదుటే నాలికతో నాకి, "చార్జింగు బాగా ఉందండి, ఆయ్, నిమ్మకాయ కొరికినట్టుంది" అన్నాడు. ఆ ఎంగిలి బ్యాటరీనే లోపల దూర్చి నా చేతికిచ్చాడు. ఎలా వాడాలని అడిగితే, "ఏవుందండి, కూస్తే తవ్వుకోవడవే" అన్నాడు.

ఎందుకు కొన్నానో చెప్పాలి. మా నాన్నగారి ముద్ర ఉంగరం కోసం. బంగారు ఉంగరం మీద మా ఇంటిపేరు మొదటి అక్షరం తిరగేసి చెక్కి ఉండేది. నాన్నగారు కౌలు కాగితాల మీద సంతకం పెట్టి, లక్క కరిగించి, దాంతో ముద్ర వేసేవారు. నాకు పన్నెండేళ్లప్పుడు అది పోయింది. ఇప్పటికి యాభై ఏళ్లు.

ఒక పొద్దున ఆయన కొబ్బరితోటకి వెళ్లి వచ్చారు. వచ్చేసరికి వేలు ఖాళీగా ఉంది. వెంట ఉన్నది మా పాలేరు ఒక్కడే. నాన్నగారు అతన్ని అరుగు ముందు ఎండలో నిలబెట్టి, నా వైపు తిరిగి, "వాడి తువ్వాలు దులుపు" అన్నారు. దులిపాను. చుట్టముక్క ఒకటి, రెండు అగ్గిపుల్లలు కిందపడ్డాయి. అంతకంటే ఏమీ లేదు. అతను చుట్టముక్క ఏరుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి మా పనిలోకి రాలేదు. ఊళ్లో మరెవరూ కూడా పనికి పిలవలేదు. అతనికి 'ఉంగరం' అని పేరు పడింది. బడిలో అతని కొడుకుని కూడా పిల్లలు 'ఉంగరం' అనే పిలిచేవాళ్లు. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను.

మా అమ్మ పోయే ముందు, నేను మందు పడుతుంటే, చెంచాని చేత్తో ఆపి, "ఆ ఉంగరం ఎవరూ తియ్యలేదురా" అంది. "జ్వరం పడి లేచాక మీ నాన్నగారి వేళ్లు సన్నబడ్డాయి. తోటలో కాలవ రేవులో చేతులు కడుక్కుంటుంటే జారిపోయుంటుందని నేను ఆ రోజే అన్నాను. నోరు మూసుకోమన్నారు."

ఆ మాట విని నేనూ నోరు మూసుకున్నాను. ఉంగరం కంటికి కనపడనప్పుడు ఆ మాట చెప్పి ఏం లాభం అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను.

ఈలోగా తోట మూడు చేతులు మారింది. చివరికి కొన్నది ఆ పాలేరు కొడుకే. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరి, హెడ్‌మాస్టారుగా రిటైరయ్యారు. చెట్లకి తెగులు పట్టి కాపు పోవడంతో, తోటని రొయ్యల చెరువుకి లీజుకిచ్చారనీ, సోమవారం పొక్లెయిన్ దిగుతుందనీ విన్నాను. ఒకసారి చెరువు తవ్వితే రేవు రాళ్లూ, ఉంగరమూ, అన్నీ గట్టు మట్టిలో కలిసిపోతాయి. గురువారం ఆయన ఇంటికి వెళ్లాను. లోపలికి రమ్మన్నారు. నేను గేటు దగ్గరే నిలబడి చెప్పాను.

"మీ తోటలో మా వస్తువొకటి పోయింది మాస్టారూ. తవ్వేలోగా వెతుక్కుంటాను."

ఆయన కాసేపు నన్ను చూశారు. "వెతుక్కోండి. ఏ వస్తువో నాకు తెలుసండి" అన్నారు.

శుక్రవారం యంత్రాన్ని ఇంట్లో పరీక్షించాను. మేముండేది రెండు గదుల అద్దె వాటా. గుండీ తిప్పగానే అది ఏడుపు లంకించుకుంది. ఫ్రిజ్ వైపు తిప్పితే కూత, టీవీ వైపు తిప్పితే ఈల, ఊరికే నేల మీద పెడితే కప్ప బెకబెకలాడినట్టు ఆగి ఆగి చప్పుడు. సంపెంగ నూనె వాసనలోంచి ఆ చప్పుడు నేరుగా నా తలలోకి దిగింది. హెడ్‌ఫోన్ తగిలించినా పెట్టెలోంచి బయటికి కూడా వినిపిస్తూనే ఉంది. మా ఆవిడ వంటగదిలోంచి తొంగిచూసింది.

"మనింట్లో ఏం మిగిలిందనండీ అదలా మొత్తుకుంటోంది?"

"ఇది పాడైపోయిన సరుకు. వాడు మోసం చేశాడు."

"స్లాబు నిండా ఇనపచువ్వలే కదా, కుయ్యక ఏం చేస్తుంది? బయటికి పట్టుకెళ్లండి. పాలు పొంగుతున్నాయో లేదో వినపడ్డం లేదు నాకు."

ఆవిడ చెప్పింది నిజమే. ఆ సంగతి నాకు తట్టనందుకు యంత్రం మీద మరింత అసహ్యం వేసింది.

శనివారం పొద్దున్నే తోటకి వెళ్లాను. నేను పుట్టి పెరిగిన తోట అని చెప్పుకోవడానికి సిగ్గేసింది. పక్కవాళ్ల రొయ్యల చెరువు గట్టు మీంచి కుళ్లు వాసన గాలితో పాటు వస్తోంది. చచ్చిన రొయ్యల్ని గట్టు మీద పోగు పోశారు, దాని మీద ఈగలు దుప్పటి పరిచినట్టున్నాయి. తెగులు పట్టిన చెట్లు తలలు లేకుండా మొండాల్లా నిలబడ్డాయి. యంత్రం అక్కడా ఊరుకోలేదు. కూసిన ప్రతిచోటా తవ్వాను. సీసా మూతలు, గుట్కా కాగితాలు, తుప్పు పట్టిన గడ్డం బ్లేడు, సగం తిన్న సార్డీను చేపల డబ్బా బయటపడ్డాయి. ఆ డబ్బాలోంచి జెర్రి పాకుతూ బయటికొచ్చింది. ఊళ్లో తాగుబోతులందరూ మా తోటకే వచ్చి తాగినట్టున్నారు.

యంత్రంతో పాటు ఇచ్చిన కాగితాల్లో మొదటి పేజీ, చివరి పేజీ మాత్రమే ఉన్నాయి. చివరి పేజీలో, చప్పుడు నిలకడగా లేకపోతే ఏమేం చూసుకోవాలో కొంత రాసి ఉంది. అదే పట్టుకుని కూర్చున్నాను. కొత్త బ్యాటరీ వేశాను. కాయిల్ తీగ పెట్టెలోకి దిగే చోట పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉంటే పెన్సిలు రబ్బరుతో రుద్దాను. ఆ తీగ గొట్టానికి వేలాడుతూ ఊగుతోంది, అది ఊగినా యంత్రం కూస్తుందట, టేపు వేసి బిగించాను. జేబులో ఫోను ఉండకూడదట, తీసి దూరంగా ఒక చెట్టు మొదట్లో పెట్టాను. పక్క చెరువు మోటారుకి వెళ్లే కరెంటు తీగల కింద వెతకడం మానేశాను. ఇక సెన్సిటివిటీ గుండీ మిగిలింది. కొన్న రోజు నుంచీ నేను దాన్ని చివరిదాకా తిప్పి ఉంచాను. కొంచెంతో సరిపెట్టుకోవడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. సగానికి తగ్గించాను.

వీటన్నిటితో చాలా మేలయింది. కప్ప బెకబెకలు పోయాయి, ఈల పోయింది. కానీ ఒక్క కూత మాత్రం పోలేదు. నడుస్తుంటే నాలుగైదు అడుగులకోసారి, కాయిల్ ఇటు తిరిగినప్పుడల్లా గట్టిగా కూస్తోంది. అక్కడ తవ్వితే ఏమీ లేదు. మళ్లీ కూస్తుంది, మళ్లీ ఏమీ లేదు. మధ్యాహ్నానికి తవ్వడం మానేసి, కూసినప్పుడల్లా తిట్టి ముందుకి నడిచాను. పాత రేవు దగ్గర కూడా కూసింది. దాన్నీ తిట్టాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేతులకి బొబ్బలెక్కాయి, అన్నం సయించలేదు.

ఆదివారం పదకొండింటికి మాస్టారు వచ్చారు. చర్చిలో ఆరాధన అయ్యాక నేరుగా వచ్చినట్టున్నారు, తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు. పడిపోయిన కొబ్బరి మొద్దు మీద కూర్చుని, పావుగంట నన్ను చూస్తూ ఊరుకున్నారు. చూస్తున్నారని తెలిసి నేను వెన్ను ఇంకా నిటారుగా పెట్టి నడిచాను.

"కుడికాలు ముందుకేసినప్పుడే ఎక్కువ కూస్తోందండి" అన్నారు చివరికి.

"ఇది పనికిమాలిన సరుకు మాస్టారూ. నిన్నంతా అన్నీ మార్చి చూశాను."

"అన్నీ ఒకేసారి మారిస్తే ఏది మాయరోగమో తెలీదు కదండీ. ఒక్కొక్కటే చూద్దాం. ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు చెప్తున్నాననుకోకండి."

"మీరు చెప్తున్నది అలాగే ఉంది."

"ఆయ్" అన్నారు. "దాన్ని కింద పెట్టి, మీరు పదడుగులు వెనక్కెళ్లండి."

పెట్టాను. వెళ్లాను. యంత్రం నోరెత్తలేదు. కాకులు, దూరంగా మోటారు, అంతే.

"చూశారా, దానికి ఒంట్లో బాగానే ఉంది. ఇప్పుడు మీరు దగ్గరికి రండి."

దగ్గరికి వెళ్లాను. గావుకేక పెట్టింది. మాస్టారు నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నారు. "మిమ్మల్నే గుర్తుపడుతోందండి" అన్నారు.

చేతి గడియారం విప్పించారు. తాళాలు తీయించారు. మళ్లీ పరీక్ష చేశాం. కూత పోలేదు.

"మొలతాడు వెండిదాండి?"

"నూలుది. వెండిది ఎప్పుడో వెళ్లిపోయింది."

అప్పుడు ఆయన చూపు నా కాళ్ల మీదికి దిగింది. దిగి, అక్కడే ఉండిపోయింది. తర్వాత ఆయన కాలవ వైపు చూడటం మొదలుపెట్టారు.

నా కాళ్లకి కిర్రు చెప్పులు ఉన్నాయి. మా తాతగారి కొలత ప్రకారం, ఇప్పటికీ ఏడాదికో జత కుట్టించుకుంటాను. మందమైన తోలు, అట్ట కింద వరసగా ఇనప మేకులు, మడమ కింద గుర్రపు లాడం లాంటి ఇనప ముక్క. నడిస్తే పైన కిర్రుమంటాయి, కింద ఠక్కుమంటాయి. మా తాతగారు వీధిలోకి వస్తున్నారని ఆ చప్పుడుతోనే ఊరికి తెలిసేదట. ఇల్లు పోయినా, పొలాలు పోయినా నేను వాటిని వదల్లేదు. ఒకప్పటి మా తోటలోకి రబ్బరు చెప్పులతో దిగడం నాకు చేతకాలేదు.

మా అరుగు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే మాస్టారి వాడవాళ్లు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వెళ్లేవారు. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, అందరూ. మా ఇంటి హద్దు దాటాక మళ్లీ తొడుక్కునేవారు. నా చిన్నతనంలో నేను చూశాను. బడికి వెళ్తూ మాస్టారు కూడా అలా వెళ్లడం చూశాను.

"ఏంటి మాస్టారూ, చెప్పండి."

"నేను చెప్పడం బాగోదండి."

"ఫరవాలేదు."

"చెప్పులు విప్పాలండి" అన్నారు, ఇంకా కాలవ వైపే చూస్తూ.

నాకు మెడ వెనక భాగం వేడెక్కింది.  తర్వాత చెట్టు మీద చెయ్యి ఆన్చి, ఒక్కొక్కటే విప్పాను. కాలు నేల మీద పెడితే మెత్తగా లోపలికి దిగింది. మేకపెంటికలు, కుళ్లిన కొబ్బరి పీచు, చల్లటి నల్లబురద వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చాయి. 

ఆయన చెప్పుల్ని తన చేత్తో తియ్యబోయారు. "వద్దు" అన్నాను. నేనే తీసుకెళ్లి ఫోను పక్కన పెట్టాను.

"గొట్టాన్ని చేతికర్రలా నిలువుగా పట్టుకున్నారండి. అందుకే కాయిల్ మీ కాళ్ల దగ్గరే తిరుగుతోంది" అన్నారు. మర బిగింపు వదులుచేసి, గొట్టం పొడుగు పెంచి ఇచ్చారు. "ఇలా ముందుకి చాచి పట్టుకోండి. నడుం వంచక్కర్లేదు."

ఆ చివరి మాట మర్యాదకే అన్నారో, దెప్పడానికే అన్నారో నాకు ఇప్పటికీ తెలీదు.

యంత్రం నిశ్శబ్దమైపోయింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి హెడ్‌ఫోన్‌లో నాకు ఏమీ వినపడలేదు. నేరుగా రేవు వైపు నడిచాను. కాలవ పూడుకుపోయింది, రేవు మెట్లలో రెండు రాళ్లు మాత్రమే మట్టిలోంచి పైకి కనపడుతున్నాయి. రెండో రాతి అంచు మీద కాయిల్ ఆడించగానే కూత వచ్చింది. పొట్టిగా, శుభ్రంగా. ఇటు నుంచి ఆడించినా అదే, అటు నుంచి ఆడించినా అదే. నిన్న నేను తిట్టి దాటిన చోటే అది.

మాస్టారు గునపం తెచ్చి రాతిని ఎత్తి పట్టుకున్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని రాతికింద చెయ్యి పెట్టాను. కుళ్లిన కోడిగుడ్డు కంపు ముక్కుకి కొట్టింది. మెత్తటి పురుగేదో మణికట్టు మీంచి పాకింది.  వేళ్లకి గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీసి, పంచె కొంగుతో తుడిచాను. తిరగేసిన మా అక్షరం కనపడింది.

మాస్టారు రాయిని దింపి, చేతులు దులుపుకున్నారు. నేను ఉంగరం ఆయన వైపు చాపాను.

"నేను ముట్టుకోనండి" అన్నారు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇక్కడుంటుందని మీకెలా తెలుసండి?"

"మా అమ్మ చెప్పింది."

"ఎప్పుడు?"

"పోయే ముందు."

ఆయన మనసులో ఏదో లెక్క వేసుకున్నట్టు ఆగారు. "ఆవిడ పోయి ఇరవై ఏళ్లు దాటిందండి. మా నాన్న పోయి ఆరేళ్లే అయ్యింది."

 ఉంగరం జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోవాలని మాత్రం గట్టిగా అనిపించింది. వచ్చిన పని అయ్యింది. సోమవారం పొక్లెయిన్ వస్తుంది, రేవు పోతుంది, ఎవరూ ఏమీ అడగరు. అలా అనుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

"మా అమ్మకి చూపించాలండి" అన్నారు మాస్టారు. "ఇప్పుడే. నేను కాదు, మీరే చూపించాలి."

ఆయన ముందు నడిచారు. నేను ఒక చేత్తో యంత్రం, మరో చేత్తో చెప్పులు పట్టుకుని వెనక నడిచాను. కాళ్లకి ఆ బురద ఉండగా చెప్పుల్లో పెట్టలేకపోయాను. దారి పొడుగునా సిమెంటు రోడ్డు పెనంలా కాలుతోంది.

వాళ్లమ్మగారు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్లో బైబిలు ఉంది. తెల్లచీర, కళ్లద్దాల వెనక పొర కమ్మిన కళ్లు. ఆవిణ్ణి ఏమని పిలవాలో నాకు తెలీలేదు. మా ఇంట్లో ఆవిణ్ణి పేరుతో కూడా ఎవరూ పిలిచేవారు కాదు, "ఏమే" అని కేకేస్తే వచ్చేది.

"ఎవర్రా?" అని కొడుకుని అడిగింది.

"పెద్దింటి చినబాబుగారమ్మా."

ఆవిడ లేవబోయింది. "కూచోండి మామ్మగారూ" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలీదు. ముందుకి వంగి ఉంగరం ఆవిడ అరచేతిలో పెట్టాను. "తోటలో రేవు రాయి కింద దొరికింది. మా నాన్నగారే జారవిడుచుకున్నారు."

ఆవిడ దాన్ని కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకుంది. అటూ ఇటూ తిప్పింది. వేలితో తడిమింది. ఆ ఉంగరాన్ని ఆవిడ అంతకుముందు ఎప్పుడూ చూడలేదని నాకు అప్పుడు తట్టింది.

"ఇంత చిన్నదాండీ?" అంది.

తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని లేచి, లోపలి గోడకి వేలాడుతున్న ఫొటో దగ్గరికి వెళ్లింది. పాలేరు ముసలితనంలో తీయించుకున్న ఫొటో. ఉంగరాన్ని దానికేసి ఎత్తి పట్టుకుని, పక్కింటివాళ్ల సంగతేదో చెప్తున్నట్టు మామూలుగా చెప్పింది. "ఇదిగో, దొరికిందంట. పెద్దబాబుగారే పారేసుకున్నారంట. నువ్వు ఎళ్లిపోయావు."

మళ్లీ వచ్చి ఉంగరం నా చేతికిచ్చింది. "ఆ రోజు నేను మీ పశువులపాకలో పేడ తీస్తున్నానండి. మీరు ఆ తువ్వాలు దులిపి, మడతెట్టి మరీ ఇచ్చేరంట. ఇంటికొచ్చి అదే చెప్పేడు. చినబాబు మడతెట్టి ఇచ్చేడే అని."

మడతపెట్టినట్టు నాకు గుర్తు లేదు. నేలకేసి విసిరినట్టే గుర్తు. ఆ రోజు మా అరుగు ముందు నుంచి ఇంటికి పట్టుకెళ్లడానికి ఆ మనిషికి ఆ ఒక్క మడతే దొరికిందని తెలిసి, రాతికింద బురదలో చెయ్యి పెట్టినప్పుడు కూడా పుట్టనంత వెగటు పుట్టింది.

"మా వల్ల తప్పు జరిగింది" అన్నాను. "నా వల్ల కూడా."

"ఆయనుండగా చెప్తే బాగుండేదండి" అంది. గొంతులో కోపం లేదు. "ఊళ్లో చెప్తారా అండి?" అని అడిగింది.

"చెప్తాను."

సెలవు తీసుకుని మెట్లు దిగుతుంటే, నా చేతిలో ఉన్నవేమిటో ఆవిడకి అప్పుడు కనపడినట్టుంది. "అయ్యో, చెప్పులు చేత్తో పట్టుకున్నారేటండి? రోడ్డు కాలిపోతంది. ఏసుకోండి బాబూ, ఏసుకెళ్లండి" అంది. మాస్టారు చెంబుతో నీళ్లు తెచ్చి నా పాదాల మీద పోశారు. ఇద్దరిలో ఎవరమూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

తొడుక్కున్నాను. వాళ్ల వీధిలోంచి నడుస్తుంటే పైన కిర్రుమనీ, కింద ఠక్కుమనీ ప్రతి అడుగూ చప్పుడు చేసింది. నేను చిన్నప్పటి నుంచీ గర్వంగా విన్న చప్పుడే అది. ఆ మధ్యాహ్నం, మూడు రోజులూ హెడ్‌ఫోన్‌లో భరించిన కూత కంటే నికృష్టంగా వినిపించింది. ఆ చప్పుడికి మొదటి ఇంటి వరండాలోంచి ఒక పెద్దమనిషి తల పైకెత్తారు. నేను తోటలో ఏం వెతుకుతున్నానో అప్పటికే వాడంతా తెలిసినట్టుంది.

"ఏవండీ, దొరికిందా?"

ఆగాను. "దొరికింది. మా నాన్నగారే రేవులో పారేసుకున్నారు. మాస్టారి నాన్నగారు తియ్యలేదు" అని, ఆ పాలేరు అసలు పేరు చెప్పాను. నా నోటితో ఆ పేరు చెప్పడం అదే మొదటిసారి. మా వీధి మలుపు దాకా ఇంకా చాలా ఇళ్లున్నాయి. చెప్పులు కిర్రుమంటూనే ఉన్నాయి, తలలు పైకి లేస్తూనే ఉన్నాయి. ప్రతి ఇంటి ముందూ ఆగి చెప్పాను.